బల్లమీది ప్లాస్మా యంత్రం: స్కాఫోల్డుల పనికి కొనవచ్చా?

కణజాల ఇంజనీరింగ్ కోసం త్రీడీ ప్రింటర్ మీద పాలిమర్ స్కాఫోల్డులు (కణాలు పట్టుకుని పెరగడానికి ఆధారమయ్యే జాలీ ముక్కలు) తయారుచేసుకునే చిన్న ప్రయోగశాలకు బల్లమీద పట్టే ప్లాస్మా యంత్రం అవసరమా, అవసరమైతే ఏ పనికి, ఎంతవరకు అని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో పనిచేసే మిత్రులు అడుగుతున్నారు. విజయనగరంలోని మా ప్రయోగశాలలో ఈ యంత్రాన్ని ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ వాడి చూశాం కాబట్టి దాని మంచిచెడ్డలు వివరంగా రాస్తున్నాను. వాయువును విద్యుత్ శక్తితో వెలిగించి, ఆ వెలుగుతో పాలిమర్ ఉపరితలాన్ని నీటికీ కణాలకూ అనుకూలంగా మార్చే యంత్రం ఇది. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ పరిమాణంలో దొరికే యంత్రాలన్నీ దాదాపు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి కనుక, ఇక్కడ చెప్పే విషయాలు చాలావరకు వాటన్నిటికీ వర్తిస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. యంత్రం మంచిదే. అయితే కణాలు పెంచే ఇంక్యుబేటర్ పక్క గదిలోనే అది ఉన్నప్పుడు మాత్రమే పెట్టిన డబ్బుకు తగిన ఫలితం దక్కుతుంది.

మేం ఎక్కువగా వాడే పాలిమర్లు రెండు: పాలీకాప్రోలాక్టోన్, పాలీలాక్టిక్ ఆమ్లం. రెండూ శరీరంలో నెమ్మదిగా కరిగిపోయేవే, రెండూ కరిగించి సన్నని తీగలుగా పోయడానికి అనువైనవే. మొదటిది 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ప్రింటింగ్ సులువు. రెండోది గట్టిది, మామూలు ప్రింటర్లకు 1.75 మిల్లీమీటర్ల తీగచుట్టగా అన్నిచోట్లా దొరుకుతుంది. ఇబ్బంది ఎక్కడంటే రెండింటి ఉపరితలమూ నీటిని సరిగా దగ్గరికి రానివ్వదు. జాలీలాగా అచ్చువేసిన పాలీకాప్రోలాక్టోన్ ముక్క మీద కణాలు కలిపిన పోషక ద్రవాన్ని ఒక చుక్క వేస్తే, అది తామరాకు మీది నీటిబొట్టులా పైనే నిలుస్తుంది, లేదా పక్కకు జారి పాత్ర అడుగుకు చేరుతుంది. ముక్కను ద్రవంలో వేస్తే, రంధ్రాల్లో చిక్కిన గాలి వల్ల తేలుతుంది. దీనికి తోడు ఈ పాలిమర్ల గొలుసుల మీద కణం గుర్తుపట్టగలిగే రసాయన సంకేతం ఏదీ ఉండదు. కణాలు పాలిమర్‌ను నేరుగా పట్టుకోవు. పోషక ద్రవంలో కలిపే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) నుంచి వచ్చి ఉపరితలం మీద పేరుకున్న ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ వంటి ప్రొటీన్లనే పట్టుకుంటాయి. ఆ ప్రొటీన్లలో కణాలు వెతికేది ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వరుసగా ఉండే చిన్న భాగాన్నే అని 1984లో పియర్ష్‌బాకర్, రూస్లాటి అనే శాస్త్రవేత్తలు చూపించారు. ఆ ప్రొటీన్లు ఎంత చేరాయన్నదే కాదు, చేరాక ఆ భాగం కణానికి అందేలా ఉందా లేదా అన్నది కూడా ఉపరితలం రసాయన గుణాన్ని బట్టే ఉంటుంది. అందుకే ప్రింటింగ్ ఎంత చక్కగా కుదిరినా, ఉపరితలాన్ని సిద్ధం చేయకుండా కణాలు వేస్తే ఆ శ్రమ వృథా అయ్యే ప్రమాదం ఎక్కువ.

ఇక యంత్రం సంగతి. గాజు గొట్టం లాంటి గది, దాని చుట్టూ 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపే తీగచుట్ట, ముందు రబ్బరు వలయంతో బిగుసుకునే తలుపు, గాలిని కొద్దికొద్దిగా వదిలే సూదికవాటం, పీడనం చూపే మీటరు, విడిగా నూనెతో నడిచే రోటరీ పంపు, ఇంతే సరంజామా. గదిలోని గాలిని తోడేసి, మిల్లీబార్‌లో పదో వంతుల స్థాయికి పీడనం దిగాక శక్తిని పంపితే, లోపల ఊదా కలిసిన గులాబీ రంగు వెలుగు కనిపిస్తుంది. గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్ కావడం వల్ల వచ్చే రంగు అది. ఆ వెలుగులోని ఎలక్ట్రాన్లు, అయాన్లు, విడిపోయిన ఆక్సిజన్ పరమాణువులు పాలిమర్ పై పొరలోని బంధాలను తెంచి, అక్కడ నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ అనే ఆక్సిజన్ సమూహాలను నిలుపుతాయి. ఈ మార్పు కొన్ని నానోమీటర్ల లోతుకు మించదు. తీగ లోపలి పదార్థానికి, దాని గట్టిదనానికి ఏమీ కాదు. ప్లాస్మా పద్ధతి మీద నాకు గౌరవం కలిగించిన గుణం ఇదే. నిమిషాల్లో పని ముగుస్తుంది, కడగాల్సిన రసాయనం మిగలదు, స్కాఫోల్డు తీగలు సన్నబడవు.

అయితే ఈ మార్పు శాశ్వతం కాదు. కొనే ముందు మాకు ఎవరూ నొక్కి చెప్పని విషయం ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ప్లాస్మా ఉపరితలానికి తెచ్చిన నీటిమక్కువ రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. గాలి తగిలే ఉపరితలం మీద నీటిని ఇష్టపడే సమూహాలు నెమ్మదిగా లోపలికి తిరిగిపోతాయి, వాటి స్థానంలోకి మార్పు చెందని గొలుసులు పైకి వస్తాయి. గొలుసులు ఎంత స్వేచ్ఛగా కదలగలిగితే ఇది అంత త్వరగా జరుగుతుంది. పాలీకాప్రోలాక్టోన్ గొలుసుల కదలిక ఆగి గాజుస్థితికి చేరే ఉష్ణోగ్రత సున్నాకు 60 డిగ్రీలు దిగువన ఉంది. అంటే మన గది ఉష్ణోగ్రతలో దాని స్ఫటికేతర భాగంలోని గొలుసులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. పాలీలాక్టిక్ ఆమ్లానికి ఆ హద్దు 60 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి అది కొంత నిదానం. మే నెలలో విజయనగరంలో గది కిటికీ దగ్గర పెట్టిన ముక్కకూ, చల్లని అరలో పెట్టిన ముక్కకూ తేడా మేం కళ్లారా చూశాం.

యంత్రం రాకముందు మేం స్కాఫోల్డులను విశాఖపట్నంలోని ఒక కేంద్రానికి పంపి ప్లాస్మా చేయించుకునేవాళ్లం. అక్కడి యంత్రం మాదానికంటే పెద్దది, శక్తి నియంత్రణ కచ్చితమైనది, ఆక్సిజన్, ఆర్గాన్, అమోనియా వాయువులు వేర్వేరుగా వాడే సదుపాయం ఉన్నది. పనిలో లోపం లేదు. కానీ ముక్కలు అక్కడ వరుసలో తమ వంతు కోసం ఆగి, పని అయ్యాక పొట్లంలో పడి, విశాఖపట్నం నుంచి 60 కిలోమీటర్లు ఎండలో బస్సులో ప్రయాణించి, మా దగ్గర కణాలు సిద్ధమయ్యేదాకా మళ్లీ వేచి ఉండేవి. శ్రీకాకుళం మిత్రులకైతే ఆ దారి 100 కిలోమీటర్లు దాటుతుంది. ఇన్నాళ్ల తరవాత కణాలు వేసి, ప్లాస్మా వల్ల పెద్ద ప్రయోజనం లేదని తీర్మానించడం ఆ పద్ధతికి అన్యాయం చేయడమే. ఇప్పుడు మా దగ్గర ఉన్నది చిన్న యంత్రమే, అందులో వాడేది మామూలు గాలే. అయినా ఉదయం చేసిన ముక్క మీద మధ్యాహ్నానికి కణాలు పడుతున్నాయి, ఫలితాలు ఒక విడతకూ ఇంకో విడతకూ పొంతన కుదురుతున్నాయి. ఆలస్యం తప్పనిసరి అయితే ముక్కలను పొడిగా దాచకుండా శుద్ధజలంలో ముంచి, ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. చుట్టూ నీరు ఉంటే నీటిమక్కువ సమూహాలు లోపలికి తిరగాల్సిన అవసరం తగ్గుతుంది, చలి వల్ల గొలుసుల కదలిక మందగిస్తుంది. అలాగని వారాల తరబడి నీటిలో నానబెట్టకూడదు, ఎందుకంటే ఇవి నీటితో విడిపోయే పాలిమర్లే.

యంత్రం అమ్మడానికి వచ్చినవారు చూపే ప్రదర్శన గురించి ఒక హెచ్చరిక అవసరం. ప్లాస్మా చేయని స్కాఫోల్డు మీద చుక్క నిలవడం, చేసిన దాని మీద అదే చుక్క క్షణంలో ఇంకిపోవడం చూపిస్తారు. చూడడానికి బాగానే ఉంటుంది. కానీ జాలీ మీద నిలిచిన చుక్క కోణం, అంటే చుక్క అంచు ఉపరితలంతో చేసే కోణం, పాలిమర్ గుణాన్ని మాత్రమే చెప్పదు. చుక్క కింద చిక్కిన గాలి ఆ కోణాన్ని పెంచుతుందని క్యాసీ, బ్యాక్స్‌టర్ అనే శాస్త్రవేత్తలు 1944లోనే వివరించారు. ఇంకిపోవడం కూడా పై వరసలు తడిశాయనే చెబుతుంది, లోపలి వరసల సంగతి చెప్పదు. నమ్మదగిన కొలత కావాలంటే అదే పాలిమర్‌ను రెండు గాజుపలకల మధ్య వేడిచేసి నొక్కి, చదునైన పొర తయారుచేసి, స్కాఫోల్డుతోపాటే గదిలో పెట్టి, ఆ పొర మీద కోణం కొలవాలి. కోణం కొలిచే ఖరీదైన పరికరం లేకపోయినా, దగ్గరి నుంచి పెద్దదిగా చూపే మాక్రో కెమెరా, సమతలంగా నిలిపిన బల్ల, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే బొమ్మల విశ్లేషణ సాధనం ఉంటే విద్యార్థులు ఈ పని చక్కగా చేస్తారు. ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో ఏమీ తేడా కనిపించడం లేదని కంగారుపడే వారికి ఒక మాట. స్ఫటికానికి ఆనించి చూసే ఆ పద్ధతి సుమారు ఒక మైక్రాన్ లోతు దాకా చూస్తుంది, ప్లాస్మా మార్పు అందులో కొన్ని నానోమీటర్లు మాత్రమే. దాన్ని పట్టాలంటే పైపైన కొన్ని నానోమీటర్లనే చూసే ఎక్స్‌-రే ఫోటోఎలక్ట్రాన్ పరీక్ష కావాలి.

స్కాఫోల్డు లోపలికి ప్లాస్మా ఎంతవరకు వెళ్తుందన్నది ఈ యంత్రానికి నిజమైన పరీక్ష. ఎముక పనికి మేం ఉంచే రంధ్రాలు 300 మైక్రాన్లకు పైబడి ఉంటాయి. మనకు అది తగినంత వెడల్పుగా అనిపించినా, అంత ఇరుకు సందులో వెలుగు తనంతట తాను నిలవదు. బయటి వెలుగులో పుట్టిన ఆక్సిజన్ పరమాణువులు సందుల్లోకి పాకి, గోడలకు తగిలి తగిలి ఖర్చయిపోతాయి. దీన్ని చూడడానికి మేం ఎంచుకున్న పద్ధతి చవకైనది. ప్లాస్మా చేసిన ముక్కను పదునైన బ్లేడుతో నిలువుగా రెండుగా కోసి, కొద్దిగా క్షారం కలిపిన మెథిలీన్ బ్లూ ద్రావణంలో ముంచి, బాగా కడిగి, సూక్ష్మదర్శిని కింద చూశాం. ధనావేశం ఉన్న ఆ రంగు కార్బాక్సిల్ సమూహాలున్న చోట నిలుస్తుంది. పలుచని ముక్కల్లో నీలం అంతటా పట్టింది. మందపాటి ఘనాకార ముక్కల్లో మాత్రం చుట్టూ నీలం, నడుమ తెలుపు. గాజుపలక మీద పడుకోబెట్టిన ముక్కకు అడుగు వైపు కూడా రంగు పలుచగానే ఉంది. ముక్కలను సన్నని గాజుకడ్డీల మీద ఎత్తి నిలపడం, మధ్యలో ఒకసారి తిరగేయడం వల్ల అడుగు సమస్య తీరింది. నడుమ సమస్య పూర్తిగా తీరలేదు. కాబట్టి కొన్ని మిల్లీమీటర్లకు మించిన మందం ఉన్న స్కాఫోల్డులే మీ పని అయితే, ఈ యంత్రం ఒక్కదాన్నే నమ్ముకోవద్దని నిక్కచ్చిగా చెబుతాను.

అటువంటి ముక్కలకు కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, ఇప్పటికీ గొప్ప మందు. ద్రవం కాబట్టి రంధ్రం ఉన్న ప్రతిచోటికీ వెళ్తుంది. ముందుగా ముక్కను ఆల్కహాల్‌లో ముంచి గాలిబుడగలు పోయేలా చేస్తే చాలు. అది పాలిమర్‌లోని ఎస్టర్ బంధాలను తెంచి కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ చివరలను బయటపెడుతుంది, తీగ పైభాగాన్ని సూక్ష్మంగా గరుకుగా కూడా చేస్తుంది. ఆ గరుకుదనం ఎముక కణాలకు అనుకూలమే. నష్టం కూడా అక్కడే ఉంది. క్షారం తీగను తినేస్తుంది, గాఢతో సమయమో మితిమీరితే సన్నని తీగల బలం తగ్గుతుంది, పాలీలాక్టిక్ ఆమ్లం విషయంలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. అందుకే గాఢత, సమయం, ఉష్ణోగ్రత మూడూ రాసుకోకుండా ఈ పని చేయకూడదు. చివర కడిగిన నీరు తటస్థంగా వచ్చేదాకా కడగాలి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా విద్యార్థులను ఆ సీసా దగ్గరికి పోనివ్వకూడదు. ఎంత కార్బాక్సిల్ ఏర్పడిందో అంకెల్లో కావాలంటే టోలుయిడిన్ బ్లూ పట్టించి, ఎసిటిక్ ఆమ్లంతో విడిపించి, 633 నానోమీటర్ల దగ్గర రంగు సాంద్రత చదివే పద్ధతి ఉంది. జిల్లా కళాశాలల్లో ఉండే మామూలు స్పెక్ట్రోఫోటోమీటర్ అందుకు సరిపోతుంది. లక్షలు పెట్టి యంత్రం కొనలేని వారు దీనితోనే పని మొదలుపెట్టవచ్చు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

డోపమైన్ పూత సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే యంత్రంతో కలిపి వాడినప్పుడు మాకు అదే ఎక్కువ నమ్మకం కలిగించింది. సముద్రపు ఆల్చిప్పలు రాళ్లకు అతుక్కునే తీరును చూసి 2007లో ఫిలిప్ మెసర్‌స్మిత్ బృందం ప్రకటించిన పద్ధతి ఇది. పీహెచ్ 8.5 దగ్గర నిలకడగా ఉంచే ట్రిస్ అనే ద్రావణంలో మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున డోపమైన్ కలిపి, ముక్కను అందులో ఉంచి కదుపుతూ ఉంటే, గాలిలోని ఆక్సిజన్‌తో అది తనంతట తానే పాలిమర్‌గా మారి ముక్క మీద గోధుమ రంగు పొరగా కడుతుంది. ఆ రంగే పూత ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో చూపిస్తుంది. ముందు ప్లాస్మా చేస్తే ద్రావణం రంధ్రాల్లోకి తేలికగా దిగుతుంది, పూత సమంగా వస్తుంది. ప్లాస్మా ప్రభావం తరవాత తగ్గినా పూత నిలిచి ఉంటుంది, దాని మీద కొల్లాజెన్‌నో జెలటిన్‌నో పట్టించడమూ సులువవుతుంది. యంత్రానికున్న కాలపరిమితి లోపాన్ని ఇది చాలావరకు కప్పేస్తుంది. డోపమైన్ హైడ్రోక్లోరైడ్ ఖరీదు మాత్రం కళాశాల బడ్జెట్‌కు బరువే.

యంత్రం నడపడంలో మన ప్రాంతపు వాతావరణం పెట్టే ఇబ్బందులు కొన్ని ఉన్నాయి. తీరప్రాంతపు తేమ మొదటిది. వానాకాలంలో బయట ఉంచిన ముక్కలు, గాజు గది గోడలు తేమను పట్టి ఉంచుతాయి, పంపు ఎంతసేపు నడిచినా పీడనం కావలసిన చోటికి దిగదు. ముక్కలను ముందురోజే సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో (తేమ లాగేసే మూతపాత్రలో) పెట్టడం తప్పనిసరి. త్వరగా ఆరుతుందని పాలీకాప్రోలాక్టోన్‌ను వేడి ఓవెన్‌లో పెడితే ఆకారమే పోతుంది. యంత్రంలో కూడా ఎక్కువ శక్తితో ఎక్కువసేపు ఉంచితే సన్నని తీగలు మెత్తబడి వంగుతాయి. తక్కువ శక్తితో, మధ్యలో ఆగి ఆగి చేయడం మంచిది.

రెండోది కరెంటు. ఈదురుగాలుల కాలంలో సరఫరా హఠాత్తుగా ఆగితే పంపు ఆగుతుంది, గది లోపల మాత్రం శూన్యం ఉంటుంది. వెనక్కి లాగకుండా ఆపే కవాటం లేని పంపు అయితే, ఆ శూన్యం పంపులోని నూనెను గొట్టం గుండా గదిలోకి లాగేస్తుంది. నూనె తగిలిన గది శుభ్రపడడం కష్టం, అందులో చేసిన స్కాఫోల్డు ఎందుకూ పనికిరాదు. ఇంత పెద్ద ప్రమాదం జరగకపోయినా, పంపు నడుస్తున్నప్పుడే నూనె ఆవిరి వెనక్కి పాకి ముక్కల మీద కంటికి కనిపించని పొరగా చేరవచ్చు. ప్లాస్మా చేసినా చుక్క నిలుస్తోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. పంపుకూ గదికీ నడుమ ఆవిరిని పట్టే ఉచ్చు బిగించాక మాకు ఫలితాలు నిలకడగా వచ్చాయి. ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడాలనుకుంటే మామూలు ఖనిజ నూనెతో నడిచే పంపును ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు, పేలుడు ప్రమాదం ఉంది. ఫ్లోరిన్ కలిసిన ప్రత్యేక నూనెతో, దానికి తగిన పంపుతోనే ఆ పని చేయాలి. ఈ మాట మా యంత్రం పుస్తకంలో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండవలసిన మాట అది.

కణాల విషయంలో వచ్చిన ఫలితం ఆశాజనకంగా ఉంది. పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకున్న ఎంజీ-63 అనే ఎముక రకం కణాలు, ప్లాస్మా చేసిన పాలీకాప్రోలాక్టోన్ మీద మొదటి రోజే పరచుకుని చేతులు చాచినట్లు కనిపించాయి. చేయని ముక్కల మీద గుండ్రంగా, గుంపులుగా మిగిలాయి. అయితే ఎక్కువ చేస్తే ఎక్కువ మంచిదనుకోకూడదు. మరీ నీటిమక్కువ పెరిగిన ఉపరితలం మీద ప్రొటీన్లు గట్టిగా నిలవవు, కణాల పట్టు మళ్లీ తగ్గుతుంది. చదునైన పొర మీద కోణం 40 నుంచి 70 డిగ్రీల నడుమ ఉండేలా సమయాన్ని సవరించుకోవడం మాకు అనుకూలించింది. పెద్ద రంధ్రాల గుండా కణాలు పాత్ర అడుగుకు రాలిపోవడమనే సమస్యను మాత్రం ఏ ఉపరితల సంస్కారమూ తీర్చదు. కణాలు అంటని పూత ఉన్న పాత్రలు వాడి, రాలిన కణాలను విడిగా లెక్కించకపోతే, అడుగున పెరిగిన కణాలనే స్కాఫోల్డు ఘనతగా రాసే పొరపాటు జరుగుతుంది. డోపమైన్ పూత ఉన్న ముక్కలకు ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలను రంగు మార్పుతో అంచనా వేసేది) చేసేటప్పుడు కణాలు లేని పూత ముక్కను కూడా పక్కన పెట్టుకోవాలి. ఆ పూతకు స్వతహాగా క్షయకరణ గుణం ఉండడం వల్ల కణాలు లేకుండానే కొంత రంగు రావచ్చు.

ప్లాస్మాతో క్రిములు కొంతవరకు చస్తాయి కానీ, దాన్ని స్టెరిలైజేషన్‌గా లెక్కించకూడదు. 121 డిగ్రీల ఆటోక్లేవ్ ఈ పాలిమర్లకు పనికిరాదు, పాలీకాప్రోలాక్టోన్ కరిగిపోతుంది, పాలీలాక్టిక్ ఆమ్లం వంకరపోతుంది. మేం 70 శాతం ఆల్కహాల్‌లో ముంచి, ఆరబెట్టి, తరవాత ప్లాస్మా చేసి, మూత ఉన్న పాత్రలో తీసుకెళ్లి అతినీలలోహిత కాంతి కింద రెండు వైపులా ఉంచి వాడుతున్నాం. ఆల్కహాల్ పూర్తిగా ఆరకుండా గదిలో పెడితే ఆవిరి పంపు నూనెలో కలుస్తుంది. ఇది ప్రయోగశాలలో కణాల పనికి సరిపోయే పద్ధతి మాత్రమే. జంతువుల మీద పరీక్షలకు వెళ్లేవారు ఇథిలీన్ ఆక్సైడ్ గురించో గామా కిరణాల గురించో ఆలోచించి, అది ఉపరితలాన్ని ఎలా మారుస్తుందో మళ్లీ కొలుచుకోవాలి.

కొనదలచినవారు ధరపత్రంలో యంత్రం ఒక్కటే చూసి సంతకం చేయవద్దు. పంపు అందులో కలిసి ఉందో లేదో, దానికి వెనక్కి లాగకుండా ఆపే కవాటం ఉందో లేదో, నూనె ఆవిరి ఉచ్చు, పంపు పొగను కిటికీ బయటికి పంపే గొట్టం ఇస్తారో లేదో, తలుపు రబ్బరు వలయం విడిగా ఎంతకు దొరుకుతుందో, అరిగినప్పుడు ఎన్ని రోజుల్లో పంపుతారో రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రదర్శనకు వచ్చినప్పుడు వారి నమూనాలతో సరిపెట్టుకోకుండా, మీరు ప్రింట్ చేసిన మందపాటి ముక్కనే ఇచ్చి, మీ ఎదుటే నడిపించి, నిలువుగా కోసి రంగు పట్టించి చూడండి. ప్రయోగశాలలో కణాలు పెంచే వసతి ఇంకా లేనివారు ముందు ఆ వసతిని సమకూర్చుకుని, అంతదాకా కాస్టిక్ సోడాతోనూ డోపమైన్‌తోనూ పని సాగించి, ఆ తరవాతే ఈ యంత్రానికి నిధులు అడగడం మంచిది.